బ్యాటరీకి ప్లస్, మైనస్ తారుమారు చేసి తగిలించారా? ఈసీఎం మార్చే ముందు ఇవి చూడండి

పండక్కి ఊరొచ్చిన కార్ల కన్నా ఊళ్లోనే ఉండిపోయిన కార్లకే ఈ గొడవ ఎక్కువ. ఇంటాయన హైదరాబాదులోనో ముంబయిలోనో పనిలో ఉంటాడు, కారేమో నరసన్నపేట పక్క పల్లెలో షెడ్డు కింద కవరు కప్పుకుని నెలల తరబడి పడి ఉంటుంది. సంక్రాంతికి వచ్చి తాళం తిప్పితే టిక్‌టిక్‌మని చప్పుడు తప్ప సెల్ఫ్ తిరగదు. "ఏటైంది బావా, బ్యాటరీ డౌనైపోయిందేటి? ఉండు, ట్రాక్టర్ తెస్తాను" అని ఎవరో ఒకరు పరిగెడతారు. అప్పటికే చీకటి పడుతుంటుంది, క్లాంపుల మీద తెల్లటి పొడి పేరుకుపోయి ప్లస్ గుర్తు కనపడదు, పాత కేబుల్ ఎప్పుడో మార్చేశారు కాబట్టి రెండూ నల్లగానే ఉంటాయి. ట్రాక్టర్ బ్యాటరీ వైరు తారుమారుగా తగిలించగానే ఠప్‌మని పెద్ద స్పార్కు, ఆ తర్వాత కారులో ఒక్క లైటూ వెలగదు.

అక్కడ చేరిన నలుగురిలో ఒకరు "ఈసీఎం కొట్టేసి ఉంటుంది, విశాఖ పంపాల్సిందే" అనేస్తారు. ఈసీఎం అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్, ఆ మాటకే ఇంట్లో అందరికీ టెన్షన్. నేను చెప్పేది ఒక్కటే: ఈసీఎం నిజంగానే పోయే కేసులు ఉన్నాయి, కానీ చాలాసార్లు అంతకన్నా ముందే ఒక పెద్ద ఫ్యూజు కాలిపోయి కారుని కాపాడేస్తుంది. బ్యాటరీ దగ్గర మొదలుపెట్టి, ఒక్కో మెట్టూ తేల్చుకుంటూ బయటికి వెళ్లాలి. మెట్టు దాటేసి నేరుగా ఈసీఎం దగ్గరికి దూకితేనే డబ్బు పోయేది.

అసలు లోపల జరిగేది ముందు తెలుసుకుంటే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. డైనమో, అంటే ఆల్టర్నేటర్ లోపల డయోడ్లుంటాయి. ఇవి కరెంటుని ఒకవైపే పోనిస్తాయి. బ్యాటరీ సరిగ్గా ఉన్నంతకాలం బ్యాటరీ కరెంటు వెనక్కి డైనమోలోకి పోకుండా అడ్డుకుంటాయి. ప్లస్, మైనస్ తిరగబడ్డాయంటే అవే డయోడ్లు పూర్తిగా తెరుచుకుంటాయి. బ్యాటరీ రెండు కొసల్నీ నేరుగా కలిపేసినట్టే లెక్క. లావాటి కేబుల్ గుండా వందల ఆంపియర్లు ఒక్కసారిగా పరిగెడతాయి. ఆ దారిలో ఉన్న మెయిన్ ఫ్యూజు రెప్పపాటులో కాలిపోతే డయోడ్లు బతుకుతాయి, అది ఆలస్యమైతే డయోడ్లు పోతాయి. ఈసీఎం, స్టీరియో లాంటి వాటిలో కూడా చాలావాటికి తిరగబడిన కరెంటు వస్తే తమ ఫ్యూజుని తామే కొట్టించుకునే ఏర్పాటు లోపల ఉంటుంది. హెడ్‌లైట్లలో మామూలు బల్బులైతే వాటికి ప్లస్ మైనస్ తేడాయే లేదు, వాటికేం కాదు. కాబట్టి ఏదీ వెలగట్లేదు అంటే అన్నీ కాలిపోయాయని కాదు, అన్నిటికీ కరెంటు తెచ్చే దారి ఒక్కటి తెగింది అనుకోవడమే న్యాయం.

స్పార్కు వచ్చిందా, వెంటనే తాళం తీసి జేబులో వేసుకోండి. "ఇంకోసారి పెట్టి చూద్దాం" అని ఎవరన్నా ఒప్పుకోవద్దు. ఫ్యూజు ఒక్కసారికి కాపాడింది, రెండోసారికి కాపాడేదేదీ లేదు. బ్యాటరీ ఉబ్బినా, చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా, కుళ్లిన గుడ్డు వాసన కొడుతున్నా దాని జోలికి వెళ్లకండి, పిల్లల్ని దూరంగా పంపండి, దగ్గర్లో బీడీ, సిగరెట్ వద్దే వద్దు. బ్యాటరీలోంచి వచ్చే హైడ్రోజన్ చిన్న నిప్పురవ్వకే పేలుతుంది, పేలితే లోపలున్న సల్ఫ్యూరిక్ యాసిడ్ ముఖం మీదకే వస్తుంది. యాసిడ్ చేతి మీద పడితే ధారగా నీళ్లు పోసి కడగండి, కంట్లో పడితే నీళ్లతో కడుగుతూనే ఆసుపత్రికి బయల్దేరండి.

బ్యాటరీ మామూలుగానే ఉంటే కేబుళ్లు విప్పాలి. ఎప్పుడూ మైనస్ ముందు విప్పాలని అందరికీ తెలుసు. కానీ ఇప్పుడు తిరగేసి పెట్టారు కదా, మరి ఏది ముందు? బ్యాటరీ మీద గుర్తు చూడకండి, కేబుల్ ఎటు వెళ్తోందో చూడండి. ఏ కేబుల్ అయితే కారు బాడీకో గేర్‌బాక్స్‌కో బోల్టుతో బిగించి ఉందో దాన్ని ముందు విప్పండి, అది ఇప్పుడు ఏ కొస మీద ఉన్నా సరే. ఆ కేబుల్ తీసేశాక పానా పొరపాటున బాడీకి తగిలినా స్పార్కు రాదు. దాదాపు చాలా కార్లకు పదో నంబరు పానా సరిపోతుంది. రెండో కేబుల్ కూడా తీసేసి, రెండిటి కొసలకూ గుడ్డ చుట్టి పక్కకి పెట్టండి.

ఇప్పుడు ఏది ప్లస్ అన్నది అనుమానం లేకుండా తేలాలి. కేబుల్ రంగుని అస్సలు నమ్మొద్దు. బ్యాటరీ మీద ప్లస్ గుర్తు అచ్చుపోసి ఉంటుంది, తడిగుడ్డతో తుడిస్తే కనపడుతుంది. ప్లస్ కొస మైనస్ కన్నా కాస్త లావుగా ఉంటుంది, రెండిటినీ పక్కపక్కన చూస్తే తేడా తెలుస్తుంది. అన్నిటికన్నా గట్టి సాక్ష్యం మల్టీమీటర్. దాన్ని 20 వోల్టుల డీసీలో పెట్టి ఎర్ర వైరు ప్లస్ అనుకున్నదానికి, నల్ల వైరు రెండోదానికి ఆనిస్తే, అంకె ముందు మైనస్ గుర్తు రాకపోతే మీరు అనుకున్నది కరెక్టు. మైనస్ గుర్తు వస్తే రెండు అర్థాలు: మీరు కొసల్ని తప్పుగా గుర్తుపట్టారు, లేదా పూర్తిగా డౌనైన బ్యాటరీకి ఎవరో ఛార్జర్ తిరగేసి పెట్టి ఉల్టా ఛార్జ్ చేసేశారు. రెండోదే అయితే, అంటే ప్లస్ అచ్చు ఉన్నవైపే మీటర్ మైనస్ చూపిస్తుంటే, ఆ బ్యాటరీ ఇక కారుకి పనికిరాదు. ఇలాంటివి అరుదే, కానీ ఉంటాయి.

ఈ మల్టీమీటర్ గురించి ఒక మాట. మామూలుది శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో ఏ ఎలక్ట్రికల్ షాపులో అడిగినా దొరుకుతుంది, ఒక పూట టోయింగ్ ఖర్చులో చిన్న వంతు కూడా కాదు దాని ధర. కారున్న ఇంట్లో స్టెప్నీ ఉన్నట్టే ఇదీ ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

వోల్టేజ్ ఎంతుందో ఇప్పుడే రాసుకోండి. తీరిగ్గా ఉన్న మంచి బ్యాటరీ 12.6 దరిదాపుల్లో చూపిస్తుంది. 12.2 అంటే సగం ఖాళీ. 12 కంటే కిందకి వచ్చిందంటే దాదాపు డౌనైనట్టే, దాన్ని ముందు కారు బయటే ఛార్జింగ్ పెట్టించండి. ఇది చిన్న విషయం అనుకుని దాటేయకండి, ఎందుకంటే బలహీనమైన బ్యాటరీతో కారు మొదలుపెడితే ఏబీఎస్ లైటు, స్టీరింగ్ లైటు, ఇంజిన్ లైటు అన్నీ ఒకేసారి వెలుగుతాయి, మీరేమో కొత్త ఫాల్టులు వచ్చాయని భయపడతారు. నిజానికి సగానికి సగం వోల్టేజ్ చాలకే వచ్చే లైట్లు. అందుకే మిగతా చెకింగ్ అంతా నిండుగా ఛార్జ్ అయిన బ్యాటరీతోనే చేయాలి.

ఇక ఫ్యూజులు. బ్యాటరీ పక్కనే నల్ల డబ్బా ఉంటుంది, మూత లోపలివైపు ఏ ఫ్యూజు దేనిదో బొమ్మ వేసి ఉంటుంది. మెయిన్ ఫ్యూజులు మామూలు రంగు ఫ్యూజుల్లా లాగితే రావు, చాలావరకు బోల్టుతో బిగించి ఉంటాయి. వాటి మీద 60, 80, 100, 120 అని అంకెలు ఉంటాయి, కొన్ని కార్లలో ప్లస్ క్లాంపు మీదే ఒక ప్లాస్టిక్ కవరు కింద దాక్కుని ఉంటాయి. చాలామంది చిన్న ఫ్యూజులన్నీ చూసి "అన్నీ బాగానే ఉన్నాయి, ఈసీఎమ్మే" అనేది ఈ కవరు తెరవకపోవడం వల్లే. పైన చిన్న గాజు కిటికీలాంటిది ఉంటుంది, అందులోంచి చూస్తే లోపలి రేకు మధ్యలో తెగి, చుట్టూ మసి పట్టి కనిపిస్తుంది. కంటికి బాగున్నట్టు కనిపించినా నమ్మకండి, మల్టీమీటర్‌ని బీప్ వచ్చే చోట పెట్టి ఫ్యూజు రెండు వైపులా ఆనించండి. బీప్ రాకపోతే ఫ్యూజు పోయినట్టే. బ్యాటరీ తీసేసి ఉన్నప్పుడే ఈ చెకింగ్ చేయండి.

చిన్న ఫ్యూజులు కూడా అన్నీ చూడాలి, బోనెట్ కింద డబ్బాలోనూ, స్టీరింగ్ కింద డ్యాష్‌బోర్డు డబ్బాలోనూ. పైన రెండు చిన్న లోహపు చుక్కలుంటాయి, ఫ్యూజుని తీయకుండానే వాటి మీద మీటర్ ఆనించొచ్చు. ఎర్రది 10 ఆంపియర్లు, నీలం 15, పసుపు 20, ఆకుపచ్చ 30, గోధుమ రంగు 7.5. పోయిన ఫ్యూజు ఏ నంబరో అదే నంబరు వేయాలి. రోడ్డు మీద దొరకలేదని సిగరెట్ పెట్టెలోని రేకు చుట్టడం, రాగి తీగ కట్టడం, 10 ఉన్నచోట 30 వేయడం చేస్తే, ఫ్యూజు కాలాల్సిన చోట వైరింగ్ కాలుతుంది, డ్యాష్‌బోర్డు వెనక మొదలైన మంట ఎవరికీ ఆరదు. ఈ విషయంలో నేను ఎవరితోనూ రాజీపడను. మెయిన్ ఫ్యూజు నరసన్నపేటలోనో టెక్కలిలోనో దొరక్కపోతే ఒకరోజు ఆగి శ్రీకాకుళం నుంచి తెప్పించుకోండి, కారు ఇంట్లోనే కదా ఉంది.

ఫ్యూజులు మార్చారు. ఇప్పుడే చాలామంది ఆత్రంగా బ్యాటరీ తగిలించి కొత్త ఫ్యూజుని కూడా పోగొట్టుకుంటారు. పాత ఆటో ఎలక్ట్రీషియన్లు చేసే పని ఒకటుంది, అది చేయండి. బ్రేక్ లైటుకి వాడే 21 వాట్ల బల్బు ఒకటి హోల్డర్‌తో సహా తీసుకుని రెండు వైర్లు కలపండి. ప్లస్ కేబుల్‌ని బ్యాటరీ ప్లస్‌కి బిగించేయండి. మైనస్ కేబుల్‌ని మాత్రం నేరుగా పెట్టకుండా, బల్బు ఒక వైరుని బ్యాటరీ మైనస్ కొసకి, రెండో వైరుని మైనస్ కేబుల్ క్లాంపుకి ఆనించండి. తాళం ఆఫ్‌లో ఉండాలి, తలుపులన్నీ వేసి ఉండాలి. ఇప్పుడు కారులో ఎక్కడ షార్ట్ ఉన్నా ఆ కరెంటంతా బల్బు గుండానే పోవాలి, బల్బు రెండు ఆంపియర్లు కూడా దాటనివ్వదు, కాబట్టి ఏదీ కాలదు. మొదట్లో ఒక్క క్షణం వెలిగి తగ్గిపోతే, లేదా అసలు వెలగకపోతే షార్ట్ లేదని అర్థం. నిండుగా వెలిగి అలాగే ఉండిపోతే ఎక్కడో షార్ట్ ఉంది, బ్యాటరీ నేరుగా తగిలించారో ఫ్యూజు మళ్లీ పోతుంది.

మా పెదనాన్న కొడుకు కారుకి జరిగింది ఇదే. మెయిన్ ఫ్యూజు కొత్తది వేసి బల్బు పెడితే బ్రేక్ తొక్కినంత నిండుగా వెలిగింది. చిన్న ఫ్యూజులు ఒక్కొక్కటే లాగి చూశాం, బల్బు వెలుతురు అలాగే ఉంది. ఒక్క ఫ్యూజు లాగినప్పుడు బల్బు ఆరితే ఆ లైన్లోనే షార్ట్ అని తేలేది. అన్నీ తీసేసినా ఆరకపోయేసరికి మిగిలింది డైనమో. బ్యాటరీ ప్లస్ కేబుల్ కూడా విప్పేసి, డైనమో వెనక ఉన్న రబ్బరు టోపీ పక్కకి జరిపి, లోపలి నట్టు తీసి, ఆ లావు వైరు కొసకి ఇన్సులేషన్ టేపు చుట్టి పక్కకి కట్టాం. మళ్లీ బ్యాటరీ ప్లస్, బల్బు పెడితే వెలగలేదు. "డైనమో డయోడు ప్లేటే అన్నా, ఇంకేం కాలే" అన్నాడు మెకానిక్ తమ్ముడు. అంతకుముందు ఇంకొకరు ఈసీఎం అని తేల్చేసి ఉన్నారు మరి. డయోడు ప్లేటు మార్చాక ఆ కారు ఇంకేం సమస్య చూపించలేదు.

డైనమోని మీటర్‌తో కూడా చూడొచ్చు. బ్యాటరీ కేబుళ్లు రెండూ తీసేసి, డైనమో వెనక లావు వైరు విప్పి, మీటర్‌ని డయోడ్ గుర్తు మీద పెట్టండి. ఎర్ర వైరు డైనమో బాడీకి, నల్లది ఆ వైరు బిగించే స్టడ్డుకి ఆనిస్తే సుమారు 0.7 నుంచి 1 మధ్యలో అంకె రావాలి. వైర్లు తిప్పి పెడితే ఓఎల్ (అంటే కరెంటు పోవట్లేదని) అని రావాలి. రెండు వైపులా సున్నా దగ్గర అంకె వస్తే డయోడ్లు షార్ట్ అయినట్టే.

బల్బు పరీక్ష పాసయ్యాక బ్యాటరీ నేరుగా తగిలించండి, ప్లస్ ముందు, మైనస్ చివర. మైనస్ ఆనించేటప్పుడు చిటుక్కుమని చిన్న స్పార్కు మామూలే. తాళం ఆన్ చేసి డ్యాష్‌బోర్డు చూడండి, సెల్ఫ్ ఇంకా కొట్టకండి.

అస్సలేదీ వెలగకపోతే మెయిన్ ఫ్యూజు మళ్లీ చూడండి, ఎర్త్ బోల్టు, అంటే మైనస్ కేబుల్‌ని బాడీకి బిగించే బోల్టు చూడండి. మన తీరం పక్క ఊళ్లలో, బారువ, కళింగపట్నం, భావనపాడు వైపు, ఉప్పుగాలికి ఎర్త్ బోల్టు కింద తుప్పు పట్టి కరెంటు దారి మూసేయడం చాలా మామూలు. స్పార్కుకి దీనికి సంబంధం లేకపోయినా, అప్పటికే బలహీనంగా ఉన్న బోల్టు అదే రోజు మొండికేయొచ్చు. బోల్టు విప్పి, గీకి, మెరిసే లోహం కనపడ్డాక బిగించండి. క్లాంపుల మీద తెల్లటి లేదా పచ్చటి పొడి ఉంటే వేడినీళ్లలో తినే సోడా కలిపి పోస్తే నురుగొచ్చి పోతుంది, ఆరాక కాస్త వ్యాజిలిన్ రాయండి.

లైట్లు వెలుగుతున్నాయి కానీ సెల్ఫ్ తిరగట్లేదంటే స్టార్టర్ రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్), దాని ఫ్యూజు చూడండి. ఫ్యూజు డబ్బాలో అదే నంబరున్న రిలే ఇంకొకటి ఉంటే, ఉదాహరణకి హారన్‌ది, అది తీసి దీని చోట పెట్టి చూడండి, తిరిగిందంటే తేలిపోయింది. తాళం బొమ్మ లేదా కారు బొమ్మలో తాళం గుర్తుతో ఉన్న లైటు అదేపనిగా మెరుస్తుంటే అది ఇమ్మొబిలైజర్, కారు మీ తాళాన్ని గుర్తుపట్టట్లేదు, రెండో తాళం ఉంటే దానితో ప్రయత్నించండి.

సెల్ఫ్ తిరుగుతోంది కానీ ఇంజిన్ అందుకోవట్లేదంటే అప్పుడే ఈసీఎం గురించి మాట్లాడుకోవాలి, అదీ కొన్ని చూశాక. తాళం ఆన్ చేయగానే పసుపు రంగు ఇంజిన్ లైటు వెలుగుతోందా? అది వెలుగుతుంటే ఈసీఎం చాలావరకు బతికే ఉంది, పెట్రోలు కారైతే పెట్రోలు పంపు ఫ్యూజు, ఇగ్నిషన్ ఫ్యూజు చూడండి. తాళం ఆన్ చేసినప్పుడు వెనక సీటు కింద నుంచి రెండు సెకన్లు గుయ్‌మని పంపు చప్పుడు రావాలి, రాత్రిపూట ఇంట్లో ఎవరూ మాట్లాడకపోతే స్పష్టంగా వినిపిస్తుంది. ఇంజిన్ లైటు వెలగకపోతే ఈసీఎంకి కరెంటే అందట్లేదేమో తేల్చండి: దాని ఫ్యూజు, దాని మెయిన్ రిలే, దాని ఎర్త్. ఈ రిలేలో కూడా లోపల ఒక చిన్న డయోడ్ ఉండొచ్చు, తిరగబడిన కరెంటుకి అదే ముందు పోతుంది, ఖరీదు చూస్తే చాలా తక్కువ. స్టీరింగ్ కింద ఉండే, ఈసీఎంని చదివే స్కానర్ తగిలించే సాకెట్‌లో 16వ పిన్నుకి 12 వోల్టులు వస్తున్నాయా, 4, 5 పిన్నులు ఎర్త్ ఇస్తున్నాయా చూడండి. ఇది లేకుండా "స్కానర్ కలవట్లేదు, ఈసీఎం పోయింది" అంటే ఆ మాట చెల్లదు, స్కానర్‌కే కరెంటు లేకపోయి ఉండొచ్చు.

ఈసీఎంకి ప్లస్ అందుతోంది, ఎర్త్ అందుతోంది, అయినా సెన్సర్లకు అది పంపాల్సిన 5 వోల్టులు రావట్లేదు, స్కానర్‌కి బదులు చెప్పట్లేదు అంటే అప్పుడు ఒప్పుకోవాలి. అయినా కొత్తది కొనే ముందు రిపేరు చేసేవాళ్లకి చూపించండి, చాలాసార్లు లోపల కాపలాగా పెట్టిన డయోడే షార్ట్ అయి ఉంటుంది. సెకండ్‌హ్యాండ్‌ది కొంటే అది మీ తాళంతో ఇమ్మొబిలైజర్ దగ్గర సరిపోకపోవచ్చు, డబ్బిచ్చే ముందే మ్యాచింగ్ చేసి ఇస్తామని మాట తీసుకోండి.

స్టార్ట్ అయిందా, సంతోషం, కానీ బ్యాటరీ దగ్గర మీటర్ మళ్లీ పెట్టండి. ఇంజిన్ నడుస్తుండగా 13.8 నుంచి 14.5 మధ్య ఉండాలి. కొత్త కార్లలో ఛార్జింగ్‌ని కంప్యూటరే ఎక్కువ తక్కువ చేస్తుంటుంది కాబట్టి కాస్త అటూ ఇటూ కావొచ్చు, హెడ్‌లైట్లు వేసి చూడండి. 12.3 దగ్గరే ఆగి, మెల్లగా దిగుతూ ఉంటే డైనమో ఛార్జ్ చేయట్లేదు, ఆ కారుతో రాత్రి హైవే ఎక్కకండి. తర్వాత మీటర్‌ని ఏసీ వోల్టులకు తిప్పి అదే బ్యాటరీ మీద పెట్టండి. అర వోల్టు దాటి చూపిస్తే డయోడ్లలో ఒకటో రెండో పోయాయి. ఛార్జింగ్ బాగున్నట్టే అనిపించినా ఇలాంటి డైనమో రాత్రికి రాత్రి బ్యాటరీని తాగేస్తుంది, పొద్దున్నే మళ్లీ టిక్‌టిక్. రాత్రి పార్క్ చేసిన కారు నిద్రలోకి వెళ్లాక బ్యాటరీ నుంచి 50 మిల్లీ ఆంపియర్ల కంటే ఎక్కువ లాగకూడదు.

ఇక్కడ ఒక పాత అలవాటు గురించి గట్టిగా చెప్పాలి. డైనమో పని చేస్తుందా లేదా తెలుసుకోవడానికి ఇంజిన్ నడుస్తుండగా బ్యాటరీ కేబుల్ తీసేసే మెకానిక్‌లు ఇప్పటికీ ఉన్నారు. పాత అంబాసిడర్ల కాలంలో చెల్లిందేమో గానీ ఇప్పటి కార్లలో అలా చేస్తే వోల్టేజ్ ఒక్కసారిగా ఎగబాకి, అప్పటిదాకా బతికున్న ఈసీఎం కూడా పోవచ్చు. మీ కారు దగ్గర ఎవరన్నా చెయ్యి అటు పెడితే వయసులో ఎంత పెద్దవాళ్లైనా సరే ఆపండి.

మిగిలినవి చిన్నవి. స్టీరింగ్ బరువెక్కితే పవర్ స్టీరింగ్‌కి విడిగా ఉండే పెద్ద ఫ్యూజు. స్టీరియో మాత్రమే పోతే దాని వెనకే ఒక ఫ్యూజు ఉంటుంది, అది మార్చినా మళ్లీ పోతే లోపలి డయోడ్ షార్ట్, మామూలు టీవీ, రేడియో రిపేరు చేసేవాళ్లే మార్చగలరు. స్టీరియో కోడ్ అడిగితే కార్డు కోసం కారు పుస్తకం వెతకండి. అద్దాలు ఒక్క నొక్కుకి పైకి పోకపోతే పూర్తిగా పైకెత్తి స్విచ్ కాసేపు అలాగే పట్టుకుంటే చాలా కార్లలో సర్దుకుంటుంది. ఎయిర్‌బ్యాగ్ లైటు ఆరకపోతే మాత్రం పసుపు కనెక్టర్ల జోలికి మీరూ వెళ్లొద్దు, వీధి మెకానిక్‌నీ వెళ్లనివ్వొద్దు, సర్వీస్ సెంటరే. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లలో నారింజ రంగు కేబుళ్ల విషయంలోనూ అంతే.

ట్రాక్టరుతో జంప్ (వేరే బండి బ్యాటరీతో స్టార్ట్) చేయబోయి తిరగేసి ఉంటే ట్రాక్టర్ని కూడా ఇదే వరసలో చూడాలి. పాత ట్రాక్టర్లలో ఈసీఎం ఉండదు కాబట్టి ఫ్యూజులు, డైనమో, బ్యాటరీ చూస్తే చాలు. హైవే మీద ఆగిపోయినప్పుడు లారీ డ్రైవర్ మంచి మనసుతో సాయం చేస్తానన్నా లారీ బ్యాటరీతో జంప్ వద్దు, లారీల్లో ఎక్కువభాగం 24 వోల్టులవి, ప్లస్ మైనస్ సరిగ్గానే పెట్టినా అది మన కారుకి రెట్టింపు. సరైన బండి దొరికితే వరస ఇది: ఎర్ర వైరు ముందు డౌనైన బ్యాటరీ ప్లస్‌కి, తర్వాత మంచి బ్యాటరీ ప్లస్‌కి, నల్లది మంచి బ్యాటరీ మైనస్‌కి, నల్లదాని రెండో కొస డౌనైన కారు ఇంజిన్ మీద రంగు లేని లోహానికి, బ్యాటరీకి దూరంగా. తీసేటప్పుడు దీనికి రివర్సు.

మెకానిక్ దగ్గరికి వెళ్తే జరిగింది దాచకండి. "ఊరికే ఆగిపోయింది" అంటే అతను వైరింగ్ మొత్తం విప్పి వెతుకుతాడు, "ప్లస్ మైనస్ తిరగేశాం, మెయిన్ ఫ్యూజు మార్చాం, బల్బు పెడితే ఇలా వెలిగింది" అని చెబితే నేరుగా అక్కడికే వెళ్తాడు, కూలీ కూడా తగ్గుతుంది. ఇన్సూరెన్స్ ఇస్తుందని ఆశపడొద్దు, మామూలు పాలసీల్లో ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్‌ని పక్కన పెట్టేస్తారు.

కొత్త బ్యాటరీ కొనేటప్పుడు ఇంకో చోట పట్టు తప్పుతుంది. నంబరు చివర ఎల్, ఆర్ అక్షరాలుంటాయి, ప్లస్ కొస ఏవైపు ఉంటుందో చెప్పేవి అవే. ఆంపియర్లు ఒక్కటే, ధర ఒక్కటే అని ఎల్ బదులు ఆర్ ఇచ్చారంటే కొసలు తారుమారవుతాయి, కేబుల్ దగ్గరగా ఉన్న కొసకి బిగించేయడమే చేతికి అలవాటు కాబట్టి మళ్లీ అదే స్పార్కు. పాత బ్యాటరీని షాపుకి పట్టుకెళ్లి, కొత్తదాని పక్కన ఒకే దిక్కుగా పెట్టించి, రెండిటి ప్లస్ ఒకేవైపు ఉందని చూసుకున్నాకే డబ్బివ్వండి. బిగించే ముందు ప్లస్ కేబుల్‌కి ఒక వరస ఎర్ర టేపు చుట్టించండి.